పసిపిల్లలకు మెత్తగా ఉడికించిన యాపిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాలకొల్లు. పుట్టిల్లు గోదావరి అవతల, రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దోడికి ఆరేళ్ళు, అమ్మాయికి మొన్ననే రెండు నిండాయి. ఇద్దరికీ నేను పెట్టిన మొదటి పండు ఉడికించిన యాపిలే. ఆ సంగతి తెలిసి, చుట్టాల్లో ఎవరి పాపాయికి ఆరో నెల నిండినా నాకు ఫోన్ వస్తుంది. ఎన్ని విజిల్స్, తొక్క తీయాలా, తేనె కలపొచ్చా అని అడుగుతారు. అందరికీ పనికొస్తుందని అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇందులో కొన్ని పిల్లల డాక్టర్లు నాకు చెప్పినవి, కొన్ని పొయ్యి దగ్గర తెలిసినవి. మీ బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా ఉన్నా ముందు మీ డాక్టర్‌ని అడగండి, ఆ తర్వాతే మొదలుపెట్టండి.

ఎన్నో నెల నుంచి పెట్టొచ్చు?

ఆరు నెలలు నిండాక. అంటే 180 రోజులు. అప్పటిదాకా తల్లిపాలు చాలు. మన మే నెల ఎండల్లో కూడా మంచినీళ్ళు విడిగా పట్టక్కర్లేదు, పాలలోనే దాహం తీరుతుంది.

నెలలతో పాటు బిడ్డను కూడా చూడండి. మెడ నిలవాలి. ఆనించి కూర్చోబెడితే కూర్చోగలగాలి. చెంచా దగ్గరికి తెస్తే నోరు తెరవాలి. పెట్టినదల్లా నాలుకతో బయటికి నెట్టేస్తుంటే ఇంకో వారం ఆగి మళ్ళీ చూడండి.

ఆడపిల్లలకి అన్నప్రాశన బేసి నెలలో చేయాలని పెద్దవాళ్ళు ఐదో నెలలోనే ముహూర్తం పెట్టించబోతారు. ఆరు నిండి ఏడో నెల నడుస్తున్నప్పుడు కూడా బేసి నెలే కదా అని నెమ్మదిగా చెప్పండి. మా అత్తగారు ఆ మాటకి వెంటనే ఒప్పుకున్నారు.

మన రావులపాలెం అరటిపండు ఉండగా యాపిల్ ఎందుకు?

ఇది మంచి ప్రశ్న. యాపిల్ తప్పనిసరి కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే యాపిల్ కొనలేకపోతే బిడ్డకి ఏదో లోటు చేస్తున్నామని బాధపడే తల్లుల్ని నేను చూశాను.

యాపిల్ చెట్టుకి చలి కావాలి. చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగిలితేనే చాలా రకాలు సరిగ్గా పూస్తాయి. అందుకే కాశ్మీర్‌లో, హిమాచల్‌లో పండుతుంది. మన డెల్టాలో కొబ్బరి, అరటి పెరిగినట్టు అది పెరగదు. అంత దూరం లారీల్లో రావాలి కాబట్టి మనకి అది ఖరీదైన పండు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళ్తే పట్టుకెళ్ళే పండు అయింది. దాంతో యాపిల్ అంటే బలం అనే నమ్మకం పడిపోయింది.

లెక్క చూస్తే, 100 గ్రాముల యాపిల్‌లో దాదాపు 85 గ్రాములు నీళ్ళే. శక్తి 52 కేలరీలు. అదే బరువు అరటిపండులో 90 దాకా ఉంటాయి. సి విటమిన్ యాపిల్‌లో 5 మిల్లీగ్రాములు ఉంటే, పెరట్లో కాసే జామకాయలో 200 పైనే ఉంటుంది. కాబట్టి డబ్బు ఇబ్బందిగా ఉన్న నెలలో బాగా మగ్గిన చక్కెరకేళిని చెంచాతో చిదిమి పెట్టండి. బిడ్డకి ఏ లోటూ రాదు.

మరి నేనెందుకు పెట్టానంటే, ఉడికిన యాపిల్ రుచి సౌమ్యంగా ఉంటుంది. ఘాటు వాసన లేదు. నీళ్ళలా పలుచగానూ చేయొచ్చు, ముద్దగానూ చేయొచ్చు, చేత్తో పట్టుకునే ముక్కలుగానూ చేయొచ్చు. పాలు తప్ప ఏమీ ఎరగని నోటికి నమలడం ఒక్కో మెట్టుగా నేర్పడానికి ఇంత అనువైన పండు నాకు ఇంకోటి దొరకలేదు.

కోస్తే ఎర్రబడుతుంది కదా, అది ఐరన్ వల్లేనా?

కాదండి. కోసిన చోట పండులోని ఒక ఎంజైమ్‌కి గాలి తగిలి, అందులోని పదార్థాలు రంగు మారతాయి. వంకాయ కోస్తే నల్లబడేదీ అందుకే. 100 గ్రాముల యాపిల్‌లో ఐరన్ 0.1 మిల్లీగ్రాము, అంటే లేనట్టే లెక్క.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. తల్లి కడుపులో ఉండగా బిడ్డ దాచుకున్న ఐరన్ ఆరు నెలలకి తరిగిపోతూ వస్తుంది. యాపిల్ పెడుతున్నాం కదా, రక్తం పడుతుందిలే అనుకుని ఊరుకుంటే బిడ్డకి రక్తహీనత వస్తుంది. ఐరన్ కోసం పప్పు, ఆకుకూర, మెత్తగా ఉడికించిన గుడ్డు, తినేవాళ్ళయితే ముల్లు తీసిన చేప, కాలేయం ఉండాలి. ప్రభుత్వం తరఫున ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ వేసే కార్యక్రమం ఉంది. మీ ఆశా కార్యకర్తని అడగండి.

ఏ రకం కొనాలి?

ఉడికించడానికి మెరుపు అక్కర్లేదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కొత్త పంట కాశ్మీర్, సిమ్లా యాపిల్స్ వస్తాయి. అప్పుడు ధర కూడా కాస్త దిగుతుంది, అవి కొనండి. మిగతా నెలల్లో వచ్చేవి చాలావరకు కోల్డ్ స్టోరేజీ పండ్లు. వాటితోనూ ఇబ్బంది లేదు.

కొరికితే పిండిపిండిగా ఉందని మనం పక్కన పడేసే యాపిల్ ఉంటుంది చూశారా, అది ఉడికించడానికి చాలా మంచిది. ఇట్టే మెత్తబడుతుంది. గట్టిగా, కరకరలాడే విదేశీ రకాలకి ఇంకో మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. పచ్చ యాపిల్ పుల్లగా ఉంటుంది, ఒక్కదాన్నే పెడితే పిల్లలు మొహం చిట్లిస్తారు. అరటిపండు కలిపితే సరిపోతుంది.

మీడియం సైజు పండ్లు కిలోకి ఐదారు తూగుతాయి. బిడ్డ కోసమైతే రెండు కొనుక్కుంటే చాలు. దెబ్బ తగిలి మెత్తబడిన చోట కొంచెం లోతుగా కోసి తీసేయండి. బూజు వాసన వస్తే మాత్రం మొత్తం పారేయండి.

పైన మైనం పూస్తారంటారు. భయం లేదా?

యాపిల్‌కి పుట్టుకతోనే సన్నని మైనపు పొర ఉంటుంది. కడిగి ఎగుమతి చేసేటప్పుడు అది పోతుంది కాబట్టి తినదగిన మైనం పూస్తారు. పిల్లలకి ఎలాగూ తొక్క తీసే పెడతాం, దాంతోపాటు మైనమూ పోతుంది. కానీ తొక్క తీసే ముందు పారే నీళ్ళ కింద చేత్తో బాగా రుద్ది కడగండి. లేకపోతే పైనున్న మట్టి, పురుగుమందు కత్తికి అంటుకుని లోపలికి వెళ్తాయి. సబ్బు వాడకండి. స్టిక్కర్ తీయడం మరిచిపోకండి.

ఇంతకీ ఎలా ఉడికించాలి?

నాకు నచ్చినది ఇడ్లీ పాత్ర పద్ధతి. ప్రతి ఇంట్లో ఉండేదే, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

చేతులు, కత్తి, చెక్క, గిన్నె అన్నీ శుభ్రంగా కడుక్కోండి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కోసిన చెక్క మీద వద్దు. ఎంత కడిగినా ఆ వాసన, కారం పోవు. ఒక యాపిల్ తొక్క తీసి, నాలుగు భాగాలు చేసి, మధ్యలో గింజలున్న గట్టి భాగం పూర్తిగా తీసేయండి. గింజల చుట్టూ గోరులాంటి గట్టి పొరలు ఉంటాయి. అవి ఎంత ఉడికినా మెత్తబడవు, పసివాళ్ళ గొంతులో అతుక్కుంటాయి. గింజల్లో నమిలితే విషంగా మారే పదార్థం కొద్దిగా ఉంటుంది, అవీ వద్దు. మిగిలిన కండని అరంగుళం ముక్కలుగా, అన్నీ ఒకే సైజులో కోయండి. ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే సగం ఉడికి సగం ఉడకదు, ఆ ఉడకనిదే రేపు గొంతుకి అడ్డం పడేది.

ఇడ్లీ పాత్రలో నీళ్ళు పోసి మరగనివ్వండి. ముక్కల్ని చిన్న స్టీలు గిన్నెలో వేసి, పాత్రలో పెట్టి మూత వేయండి. మధ్యస్థ మంట మీద 10 నుంచి 12 నిమిషాలు. ఒక ముక్క తీసి, చల్లారాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. వెన్నలా అణిగిపోవాలి. వేళ్ళ మధ్య కొంచెం గట్టిగా తగిలినా మళ్ళీ పెట్టండి. పండు కణాల్ని అతికి ఉంచే పెక్టిన్ అనే జిగురు వేడికి కరుగుతుంది. ముక్క విడిపోయి గుజ్జు కావడానికి కారణం అదే.

గిన్నెలో అడుగున కొంచెం రసం ఊరుతుంది. అది పారబోయకండి. రుచి, విటమిన్లు అందులోకి కూడా దిగుతాయి. గుజ్జు పలుచన చేయడానికి అదే వాడండి.

ఇడ్లీ పాత్ర లేకపోతే మందపాటి గిన్నెలో యాపిల్ ముక్కలు, మూడు నాలుగు చెంచాల నీళ్ళు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద 10 నిమిషాలు మగ్గనివ్వండి. మధ్యలో ఒకసారి కలపాలి, లేకపోతే అడుగంటుతుంది. స్టీలు గిన్నె మేలు. యాపిల్ పులుపుకి అల్యూమినియం కొద్దిగా కరుగుతుంది.

కుక్కర్‌లో అయితే ముక్కల్ని నేరుగా వేయకండి. యాపిల్ నురగ కట్టి పైకి పొంగుతుంది, విజిల్ దారి మూసుకుపోతే ప్రమాదం. గిన్నెలో వేసి, ఆ గిన్నె మీద మూత పెట్టి, కుక్కర్ లోపల నీళ్ళలో ఉంచి రెండు విజిల్స్ రానివ్వండి. అన్నం పప్పుతో పాటే పై గిన్నెలో అయిపోతుంది, గ్యాసూ కలిసొస్తుంది.

ఉడికాక పప్పుగుత్తితో మెదపండి, లేదా చెంచా వెనక వైపుతో జల్లెడ మీద రుద్దండి. మిక్సీ వేస్తే పని తొందరగా అవుతుంది, కానీ దాన్ని త్వరగా మానేయాలి. కారణం కింద చెప్తాను. ఒక యాపిల్‌కి సుమారు అరకప్పు గుజ్జు వస్తుంది. పెట్టే ముందు మీ మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి వేడి చూసుకోండి.

ఎప్పుడు ఎంత మెత్తగా ఉండాలి?

మొదటి వారాల్లో చెంచా వంచితే నెమ్మదిగా జారేంత. మరీ నీళ్ళలా వద్దు. ఏడెనిమిది నెలలకి పప్పుగుత్తితో మెదిపిన ముద్ద, అక్కడక్కడా చిన్న పలుకు తగలొచ్చు. తొమ్మిది పది నెలలకి చిదిమితే చిదిగే చిన్న ముక్కలు. ఏడాది నిండేసరికి వేలంత పొడుగు మెత్తని ముక్కని తనే పట్టుకుని తింటుంది.

మిక్సీ త్వరగా మానేయమని అందుకే అంటాను. తొమ్మిది పది నెలలు దాటినా నున్నటి గుజ్జే అలవాటైన పిల్లలు తర్వాత అన్నం మెతుకు తగిలినా ఓకరిస్తారు. మా పెద్దోడి విషయంలో నేను భయపడి పదో నెల దాకా మిక్సీ వేశాను. వాడితో ముద్దపప్పు అన్నం తినిపించడానికి ఏడాదిన్నర పట్టింది. అమ్మాయికి ఎనిమిదో నెలలోనే పప్పుగుత్తికి మారాను, హాయిగా తింది.

ఏ నీళ్ళు వాడాలి?

మన డెల్టాలో ఈ ప్రశ్న వదిలేయకూడదు. కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు, కుళాయి నీళ్ళు ఏవైనా సరే, బాగా తెర్లనిచ్చి చల్లార్చినవే బిడ్డ గిన్నెలోకి వెళ్ళాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, వరదలప్పుడు, తుఫాను తర్వాత మరీ జాగ్రత్త.

అంతర్వేది, ఉప్పలగుప్తం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కాచినా ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. పసిబిడ్డ మూత్రపిండాలు అంత ఉప్పు తట్టుకోలేవు. ఆ నీళ్ళు ఇడ్లీ పాత్ర అడుగున ఆవిరి కోసం అయితే ఫరవాలేదు, గుజ్జులో మాత్రం కలపకండి. తల్లిపాలు పిండి కలిపితే ఇంకా మంచిది, తెలిసిన రుచి కాబట్టి బిడ్డ సులువుగా ఒప్పుకుంటుంది.

కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయొచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్ళకి కోపం వచ్చినా నేను తగ్గలేదు.

మనింట్లో కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి, వెండి ఉగ్గుగిన్నెతో నోట్లో పోయడం అలవాటు. బిడ్డ ఏడుస్తుంటే ఆ తెరిచిన నోట్లోకే పోసేస్తారు. ఏడుస్తూ ఊపిరి లోపలికి లాగినప్పుడు ఉగ్గు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పొలమారి, దగ్గొచ్చి, ఒక్కోసారి నిమ్ము దాకా వెళ్తుంది. యాపిల్ గుజ్జు పాలకంటే చిక్కన, ఇంకా ప్రమాదం.

ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, చిన్న చెంచా కింది పెదవికి ఆనించి ఆగండి. తనే నోరు తెరిచి అందుకుంటుంది. అమ్మమ్మ ఇచ్చిన వెండి గిన్నె పక్కన పడేయక్కర్లేదు, గుజ్జు అందులోనే వేసుకోండి. దాని ముక్కు సందుని సన్నని బ్రష్‌తో తోమి వేడినీళ్ళలో ఉంచడం మాత్రం మరవకండి.

పచ్చి యాపిల్ ముక్క చేతికిస్తే చప్పరిస్తుంది కదా?

మా పెద్దోడికి 11 నెలలప్పుడు ఒక పెళ్ళిలో దగ్గరివాళ్ళే ప్రేమగా పచ్చి యాపిల్ ముక్క చేతికిచ్చారు. కింది రెండు పళ్ళతో ఒక పలుకు కొరికాడు. కొరకడానికి ముందు పళ్ళు ఉన్నాయి, నమలడానికి దవడ పళ్ళు లేవు. అవి ఏడాది దాటాకే వస్తాయి. పలుకు అలాగే లోపలికి పోయింది. ముందు దగ్గాడు, తర్వాత ఆ దగ్గు శబ్దం ఆగిపోయింది. మొహం ఎర్రబడి, పెదవులు నల్లబడుతున్నాయి. పక్కనే నర్సుగా పనిచేసే మా పిన్ని వాడిని లాక్కుని, బోర్లా తిప్పి వీపు మీద తట్టింది. మూడో దెబ్బకి పలుకు బయటపడింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి.

నాలుగేళ్ళ లోపు పిల్లలకి గట్టి పచ్చి యాపిల్ ముక్కలు ఇవ్వకండి. పచ్చిదే పెట్టాలనుకుంటే కోరుతో సన్నగా తురిమి పెట్టండి, లేదా సగానికి కోసిన పండుని చెంచాతో గీకి ఆ మెత్తని తురుము పెట్టండి.

గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే ఊపిరి ఆడుతున్నట్టే. దగ్గనివ్వండి, నోట్లో వేలు పెట్టి కెలక్కండి, పలుకు ఇంకా లోపలికి పోతుంది. శబ్దం లేకపోతే, ఏడుపు రాకపోతే క్షణం ఆగొద్దు. ఏడాది లోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మొనల గీతకి కాస్త కింద, ఛాతీ ఎముక మధ్యలో రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కండి. మళ్ళీ వీపు, మళ్ళీ ఛాతీ. ఏడాది దాటిన పిల్లలకి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన పొట్టని లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. ఈలోగా ఇంకొకళ్ళు 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో బిడ్డని చూసుకునే ప్రతి ఒక్కరికీ, తాతగారితో సహా, ఇది ముందే నేర్పించండి.

పంచదార, తేనె, ఉప్పు, దాల్చినచెక్క?

తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఉండగల సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో పెరిగి నరాల్ని పడగొట్టే విషం తయారుచేస్తుంది. ఉడికించినా అది చావదు. పంచదార, బెల్లం, పటికబెల్లం రెండేళ్ళ దాకా అక్కర్లేదు, ఉడికిన యాపిల్‌కి సొంత తీపి ఉంది. మన నాలుకకి చప్పగా అనిపించింది బిడ్డకి చప్పన కాదు. ఉప్పు ఏడాది లోపు వద్దు.

ఎనిమిది నెలల తర్వాత చిటికెడులో సగం దాల్చినచెక్క పొడి లేదా యాలకుల పొడి వేయొచ్చు. పావు చెంచా నెయ్యి వేస్తే వాసనా బాగుంటుంది, కాస్త శక్తీ వస్తుంది. పచ్చకర్పూరం మాత్రం వేయకండి. మన స్వీట్లలో వేస్తాం కదా అని అనుకోవద్దు, కర్పూరం కొంచెం ఎక్కువైనా చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయి. నిద్రపోతుందని జాజికాయ అరగదీసి కలపడం కూడా మానేయండి.

విరేచనాలప్పుడు పెట్టొచ్చా? మలబద్ధకం అప్పుడు?

విరేచనాలప్పుడు పెట్టొచ్చు. పెక్టిన్ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి తొక్క తీసి ఉడికించిన యాపిల్ పొట్టకి తేలిక. కానీ మందు అది కాదు. మందు ఓఆర్‌ఎస్, తల్లిపాలు ఆపకపోవడం, డాక్టర్ చెప్పినట్టు 14 రోజులు జింక్. యాపిల్, అరటి, అన్నం మాత్రమే పెట్టి మిగతావన్నీ ఆపేస్తే బిడ్డ నీరసిస్తుంది, మామూలు తిండి కొనసాగించాలి. మలంలో రక్తం కనిపించినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, కళ్ళు లోతుకి పోయినా ఆసుపత్రికి వెళ్ళండి.

మలబద్ధకం ఉంటే ఉడికించిన యాపిల్ కొందరు పిల్లలకి ఇంకా బిగిస్తుంది. అప్పుడు కొన్నాళ్ళు ఆపి బాగా పండిన బొప్పాయి, నానబెట్టి మెత్తగా రుబ్బిన ఎండుద్రాక్ష పెట్టి చూడండి. ఘనాహారం మొదలుపెట్టాక కాచి చల్లార్చిన నీళ్ళు గుటక గుటకగా పట్టించాలి, చాలామంది ఇది మరిచిపోతారు.

యాపిల్ తింటే జలుబు చేస్తుందా?

చేయదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. జలుబున్న బిడ్డకి గోరువెచ్చటి గుజ్జు హాయిగా కూడా ఉంటుంది.

రోజుకి ఎంత? ఒక పూట తిండికి సరిపోతుందా?

మొదటి రోజు ఒకటి రెండు చెంచాలు. రెండు మూడు రోజులు ఇంకే కొత్త తిండీ పెట్టకుండా చూడండి. ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు, మొహం వాపు వస్తే ఆపి డాక్టర్‌కి చూపించండి. నోటి చుట్టూ మాత్రమే కొంచెం ఎర్రబడితే చాలాసార్లు అది పులుపు వల్ల వచ్చిన మంట. తడిగుడ్డతో వెంటనే తుడిస్తే తగ్గుతుంది. తర్వాత నెమ్మదిగా పావుకప్పు దాకా పెంచండి.

పూట తిండికి మాత్రం సరిపోదు. గుప్పెడంత పొట్ట, అందులో నీళ్ళున్న పండు నింపేస్తే శక్తినిచ్చే తిండికి చోటుండదు. మా ఇంట్లో బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి మర పట్టించిన ఉగ్గు చిక్కగా కాచి, అందులో రెండు చెంచాల యాపిల్ గుజ్జు, నెయ్యి కలిపేవాళ్ళం. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ కలపొచ్చు. దానిలో ముందే తీపి ఉంటుంది కాబట్టి మీరు ఇంకేం వేయకండి.

చేసింది ఎంతసేపు నిలవ ఉంటుంది? ప్రయాణంలో?

మన ఉక్కకి గంట దాటితే బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో మూతపెట్టి పెడితే రెండు రోజులు. ఐస్ ట్రేలో గడ్డ కట్టించి పెడితే నెల రోజులు వాడొచ్చు, పెట్టేముందు ఒకటి రెండు గడ్డలు పొగలొచ్చేదాకా వేడి చేసి చల్లార్చాలి. ఎంగిలి చెంచా పెట్టిన గిన్నెలోది దాచకండి, లాలాజలం తగిలితే తొందరగా పాడవుతుంది. అందుకే ముందే కొంచెం వేరే గిన్నెలోకి తీసుకోవాలి. తుఫాను రోజుల్లో కరెంటు పోయి గడ్డలు కరిగిపోతే మళ్ళీ గడ్డ కట్టించొద్దు, పారేయండి.

ప్రయాణానికి నేను వండినది పట్టుకెళ్ళను. నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) కోసం ఒక్కోసారి చాలాసేపు ఎండలో నిలబడాలి. కడిగి తుడిచిన ఒక పండు, చిన్న కత్తి, చెంచా సంచిలో పెట్టుకుంటాను. ఎనిమిది నెలలు దాటిన బిడ్డకి అప్పటికప్పుడు కోసి, చెంచాతో గీకి పెడతాను.

ఉమ్మేస్తోంది. మానేయమంటారా?

కొత్త రుచికి ఎనిమిది, పదిసార్లు కూడా పట్టొచ్చు. బలవంతంగా ముక్కు మూసి పెట్టకండి. రెండు రోజులాగి మళ్ళీ ఒక చెంచా. మా అమ్మాయి తొమ్మిదోసారికి ఒప్పుకుంది.

జ్యూస్ తీసి సీసాతో పట్టొచ్చా?

ఏడాది లోపు జ్యూసే వద్దు. పీచు పోయి తీపి మిగులుతుంది. గుజ్జుని పాలసీసాలో పోయడం కూడా వద్దు, పళ్ళు పుచ్చుతాయి, నమలడం రాదు.

ఏడాది దాటాక ఇంకెలా చేయొచ్చు?

ఇక్కడే మన కోనసీమ పనికొస్తుంది. అరచిప్ప కొబ్బరి కోరి, గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బి, చిక్కటి పాలు పిండుకోండి. ఉడికిన యాపిల్ ముక్కల్లో ఆ పాలు పోసి, చిటికెడు యాలకుల పొడి వేసి, ఒక్క ఉడుకు రానిచ్చి దించేయండి. ఎక్కువసేపు మరిగితే పాలు విరుగుతాయి. కొబ్బరిపాల తీపికి పంచదార గుర్తుకే రాదు.

ఇంకోటి పొట్టిక్కలు. అంబాజీపేట వైపు పనసాకుల బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు కదా, ఆ పిండిలో మెదిపిన యాపిల్ గుజ్జు నాలుగో వంతు కలపండి. చిన్న బుట్టలు కట్టి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. పనసాకు వాసన, యాపిల్ తీపి కలిసి మా పెద్దోడు ఇప్పటికీ అడిగి చేయించుకుంటాడు. ఆకు, పుల్ల పూర్తిగా తీసి, లోపలి ఇడ్లీని చిదిమి పిల్లల పళ్ళెంలో వేయండి. పుల్ల ముక్క విరిగి లోపల ఉందేమో చేత్తో తడిమి చూడండి.

మిగిలినది ఇంట్లో పెద్దవాళ్ళు తినొచ్చా?

ఎంగిలి కానిదైతే నిక్షేపంగా తినొచ్చు. కట్టుడు పళ్ళున్నవాళ్ళకి, పళ్ళు లేనివాళ్ళకి ఇది చాలా హాయి. మా మామగారికి షుగర్ ఉంది, ఆయన కోసం గుజ్జు చేయకుండా తొక్కతోనే పెద్ద ముక్కలుగా ఉడికించి సగం పండే ఇస్తాను. అదే ఇడ్లీ పాత్రలో పాప గిన్నె పక్కన ఆయన గిన్నె పెడతాను, ఇద్దరికీ సాయంత్రం నాలుగింటికి.